మంగళగిరికి వస్తున్నారా, ఇక్కడే ఉండిపోతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

కొండ మీద పానకం ఎన్నింటి దాకా పోస్తారు, ఎయిమ్స్‌కి ఎటు వెళ్ళాలి, ఇక్కడ స్థలం కొంటే మంచిదేనా? మంగళగిరిలో ఇల్లున్న వాళ్ళందరికీ ఈ మూడు ప్రశ్నలతో ఫోన్లు వస్తూనే ఉంటాయి. వాటితో పాటు వచ్చే మిగతా సందేహాలన్నీ కలిపి ఇక్కడ రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## బయల్దేరే ముందు

మంగళగిరి విజయవాడ కిందికి వస్తుందా, గుంటూరు కిందికా?

జిల్లా గుంటూరు. మనుషుల రాకపోకలు మాత్రం ఎక్కువగా బెజవాడ వైపే. ఊరు విజయవాడకు సుమారు 13 కిలోమీటర్ల దూరంలో, 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. గుంటూరు 20 కిలోమీటర్ల పైచిలుకు. 2011 జనాభా లెక్కల్లో 73 వేల చిల్లర ఉన్న మున్సిపాలిటీ ఇది. 2021లో తాడేపల్లిని, చుట్టుపక్కల ఊళ్ళను కలిపి మంగళగిరి తాడేపల్లి నగరపాలక సంస్థ చేశారు. కాబట్టి కాగితం మీద నగరమే. పాత బజారులో నడిస్తే మాత్రం ఇప్పటికీ ఒకరినొకరు ఇంటిపేరుతో గుర్తుపట్టే ఊరే. కలెక్టరేట్ పని ఉంటే గుంటూరు, పెళ్ళి బట్టలకీ సినిమాకీ బెజవాడ, ఇదీ ఇక్కడి లెక్క.

విజయవాడలో ఏ బస్సు ఎక్కాలి? గుంటూరు బస్సు ఎక్కితే దింపుతారా?

ఎక్కే ముందే కండక్టర్‌ని అడగండి. విజయవాడ – గుంటూరు నాన్‌స్టాప్ బస్సులు హైవే మీదుగా వెళ్ళిపోతాయి, వాటిని నమ్ముకోవద్దు. మంగళగిరి వచ్చే సిటీ బస్సు గానీ, ఆగుతూ వెళ్ళే బస్సు గానీ ఎక్కితే టెన్షన్ ఉండదు. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం వల్ల రాష్ట్ర మహిళలకు పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కి డబ్బు అక్కర్లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చేతిలో ఉంచుకోండి. కారులో వస్తే సాయంత్రం పూట కృష్ణ మీది వారధి దగ్గర ఇరుక్కునే అవకాశం ఎక్కువ. గుంటూరు నుంచి కారులో వస్తే కాజ దగ్గర టోల్ కట్టాలి.

రైల్లో రావచ్చా?

రావచ్చు. విజయవాడ – గుంటూరు లైన్లో మంగళగిరికి స్టేషన్ ఉంది. పాసింజర్లు ఆగుతాయి, దూరప్రాంత రైళ్ళు చాలావరకు ఆగవు. హైదరాబాద్, చెన్నై, విశాఖ నుంచి వచ్చేవాళ్ళు విజయవాడలో దిగి రోడ్డున రావడమే తేలిక.

ఏ నెలలో వస్తే మంచిది?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో రావద్దనే చెబుతాను. చెప్పులు కింద వదిలేసి మెట్లెక్కాలి మరి. పదకొండు గంటలకల్లా రాయి పెనంలా కాలుతుంది. చంటిపిల్లలతో వచ్చి సగం మెట్ల దగ్గర నీడ వెతుక్కునే కుటుంబాలు ప్రతి వేసవిలోనూ కనిపిస్తాయి. వేసవిలోనే రావలసి వస్తే తెల్లవారగానే కొండ ఎక్కి, ఎండ ముదరకముందే దిగిపోండి.

## కొండా గుడీ

పానకాల స్వామి దర్శనానికి సాయంత్రం వెళ్ళవచ్చా?

వెళ్ళలేరు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. పానకాల నరసింహస్వామి గుడి మధ్యాహ్నం 3 గంటల వరకే. ఆ తర్వాత దేవతలు, ఋషులు వచ్చి పూజ చేసుకుంటారని నమ్మకం, అందుకే మనుషులకు అప్పటితో సరి. మధ్యాహ్నం భోంచేసి తీరిగ్గా వద్దామనుకుంటే తలుపులే కనిపిస్తాయి. కింద ఊళ్ళో ఉన్న లక్ష్మీనరసింహస్వామి గుడి మాత్రం సాయంత్రం కూడా తెరుస్తారు. కనుక పొద్దున కొండ, సాయంత్రం కింది గుడి అనుకుంటే రోజు సరిపోతుంది.

స్వామి నిజంగా సగం పానకమే తాగుతాడా?

అక్కడ జరిగేది ఇదీ. గర్భగుడిలో పూర్తి విగ్రహం ఉండదు, కొండరాతిలో తెరిచిన నోరు ఒక్కటే ఉంటుంది. దానికి లోహపు తొడుగు. మీరు బెల్లం పానకానికి టికెట్ తీసుకుంటే అర్చకులు ఆ బిందె అందుకుని శంఖంతో నోట్లో పోస్తారు. గొంతు దిగుతున్నట్టు గుటకల చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు ఆగగానే పోయడం ఆపి, మిగిలింది ప్రసాదంగా ఇచ్చేస్తారు. చిన్న బిందె అయినా పెద్ద బిందె అయినా సగమే తీసుకుంటాడని భక్తుల మాట. ఇంత బెల్లం పారినా చీమలు చేరవని కూడా చెబుతారు. కృతయుగంలో అమృతం, త్రేతాయుగంలో నెయ్యి, ద్వాపరంలో పాలు, కలియుగంలో పానకం అని స్థలపురాణం.

ఇది ఒకప్పటి అగ్నిపర్వతమని, లోపలి గంధకాన్ని బెల్లం నీళ్ళు చల్లారుస్తాయని ఒక 'సైన్సు' వివరణ ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది. ఈ కొండలు తూర్పు కనుమలకు చెందిన కోట్ల ఏళ్ళ నాటి పాత రాయి, అగ్నిపర్వతాలు కావు. నమ్మేవాళ్ళకు ఆ వివరణ అక్కర్లేదు, నమ్మనివాళ్ళకు అది చాలదు. గుటక చప్పుడు మాత్రం మీ చెవులతో మీరే వినవచ్చు. ముందు వరుసలో నిలబడి, కాసేపు ఫోన్ జేబులో పెట్టుకోండి, అంతే.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు. తీసుకురావచ్చా?

తీసుకురండి. పానకాల స్వామి గుడి దాకా ఘాట్ రోడ్డు ఉంది, కారు గానీ ఆటో గానీ వెళ్తుంది. ఆటో అయితే వెయిటింగ్‌తో కలిపి రానూపోనూ బేరం ముందే మాట్లాడుకోండి, పైన ఖాళీ ఆటో దొరుకుతుందన్న ధీమా వద్దు. నడవగలిగిన వాళ్ళు మాత్రం మెట్ల దారినే రావాలి. 1890లో చన్నాప్రగడ బలరామదాసు కట్టించిన మెట్లవి. దారి పక్కన చైతన్య మహాప్రభువు పాదముద్రలు ఉన్నాయి. గుడి వెనక రాజ్యలక్ష్మీ అమ్మవారు, ఆ పక్కనే ఒక గుహ. అది ఉండవల్లి దాకా వెళ్తుందని మా పెద్దవాళ్ళు మాకు చెప్పారు, మేం మా పిల్లలకు చెబుతున్నాం. వెళ్ళి చూసొచ్చిన వాళ్ళు మాత్రం తగల్లేదు.

గండాలయ్య గుడి అంటే ఏది?

కొండ శిఖరాన ఉన్నది. గండాలు తీరాలని మొక్కుకుని అక్కడ ఆవునేతి దీపం పెడతారు. చీకటిపడ్డాక ఊళ్ళోంచి చూస్తే కొండ కొసన ఆ దీపం చుక్కలా కనిపిస్తుంది. పానకాల స్వామి గుడి కన్నా బాగా పైకి ఎక్కాలి. పెద్దవాళ్ళను బలవంతపెట్టకండి.

గాలిగోపురం ఎవరు కట్టించారు? ఒరిగిపోయి మళ్ళీ నిలబడిందంటారు, నిజమా?

కట్టించింది రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు, 1807 – 09 మధ్య. పదకొండు అంతస్తులు, 153 అడుగులు. చింతపల్లి నుంచి తన రాజధానిని అమరావతికి మార్చుకున్న జమీందారు ఈయనే. గోపురం పూర్తయ్యాక ఒక పక్కకు ఒరిగిందని, కంచి నుంచి వచ్చిన శిల్పులు ఎదురుగా కోనేరు తవ్వమన్నారని, తవ్వాక నిటారుగా నిలబడిందని జనం చెప్పుకునే కథ. ఇంజినీర్లకు ఈ కథ చెబితే నవ్వుతారు, అయినా పూర్తిగా విన్నాకే నవ్వుతారు.

గోపురాన్ని దగ్గర నుంచి తలెత్తి చూస్తే మెడ నొప్పి తప్ప ఏమీ మిగలదు. బజారు వీధిలోకి కాస్త దూరం వెళ్ళి వెనక్కి తిరగండి. వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ, అందుకే అంత సన్నగా లేచినట్టు ఉంటుంది. ఊరికి ఇంకా పాత సాక్ష్యాలూ ఉన్నాయి. శ్రీకృష్ణదేవరాయలు 1515లో కొండవీడును గెలిచిన కాలం నాటి విషయాలు చెప్పే శాసనం ఇక్కడ ఉంది.

తిరునాళ్ళకు రావాలని ఉంది. రద్దీ ఎలా ఉంటుంది?

విపరీతం. ఫాల్గుణ మాసంలో బ్రహ్మోత్సవాలు, చతుర్దశి రాత్రి కల్యాణం, పున్నమి నాడు రథోత్సవం. తేరు లాగే రోజున పాత బజారులోకి బండి తీసుకురావాలన్న ఆలోచనే పెట్టుకోకండి. హైవే వైపు ఎక్కడైనా ఆపి నడిచి రండి. ఎవరింటికైనా వస్తుంటే కల్యాణానికి వచ్చి ఆ రాత్రి ఉండిపోవడం నయం. ఆ రెండు రోజులు ఈ ఊళ్ళో చుట్టాలు లేని ఇల్లు ఉండదు, మీ ఒక్కరి వల్ల ఎవరికీ భారం కాదు.

అదే రోజు ఇంకేం చూడవచ్చు?

ఉండవల్లి గుహలు. ఒకే కొండను అంతస్తులుగా తొలిచిన కట్టడం, విష్ణుకుండినుల కాలం నాటిదని చెబుతారు. పై అంతస్తులో పడుకుని ఉన్న అనంతపద్మనాభుడి విగ్రహం పొడవు 5 మీటర్ల పైనే. గది చీకటిగా ఉంటుంది. లోపలికి వెళ్ళగానే బయటికి రాకుండా ఒక నిమిషం ఆగండి, కళ్ళు అలవాటు పడ్డాక పాదాల దగ్గర నుంచి ముఖం దాకా వివరంగా కనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో ప్రకాశం బ్యారేజీ మీదుగా విజయవాడ వెళ్ళిపోవచ్చు.

## చీరలు కొనేటప్పుడు

అసలైన మంగళగిరి చీరను ఎలా గుర్తుపట్టాలి?

ఇక్కడి చీరకు పేరు తెచ్చింది సాదాతనం. ఒంటి మీద బుటా లేని నేత, నిండైన రంగు, జరీ అంచు, చారల కొంగు. నిజాం అంచు కావాలని అడిగితే షాపువాళ్ళు వెంటనే తీసి చూపిస్తారు. ఇప్పుడు బుటాలు వేసినవీ, పట్టు కలిపినవీ చాలా వస్తున్నాయి. అవీ మగ్గం మీదవే కావచ్చు గానీ, పాత పద్ధతి కావాలంటే సాదా కాటన్ చీరే అడగండి.

చేనేతా పవర్‌లూమా అన్నది తేల్చుకోవడమే అసలు తిప్పలు. చీర తిరగేసి వెలుతురుకు పట్టి చూడండి. చేతి నేతలో అక్కడక్కడా పోగు సన్నగా లావుగా తేడా ఉంటుంది, అంచు పూర్తిగా గీత గీసినట్టు ఉండదు. మరీ లోపం లేకుండా, మరీ చవగ్గా ఉంటే అనుమానించండి. మంగళగిరి చీరలకు, బట్టలకు భౌగోళిక గుర్తింపు ఉంది. చేనేత మార్కు ఉందేమో అడగడానికి మొహమాటపడొద్దు. జరీ గురించి కూడా అడగండి, బంగారు మెరుపు ఉన్నదల్లా బంగారు జరీ కాదు.

నేరుగా నేత కార్మికుల ఇంట్లో కొంటే చవకగా వస్తుందా?

అనుకున్నంతగా రాదు. చాలామంది నేతగాళ్ళు మాస్టర్ వీవర్ దగ్గర నూలు తెచ్చుకుని కూలికి నేస్తారు. మగ్గం మీద ఉన్న చీర వాళ్ళది కాదు, అమ్మే హక్కూ వాళ్ళకు లేదు. సొంత మగ్గం, సొంత నూలు ఉన్నవాళ్ళు దొరికితే కొనండి. అప్పుడు మరీ గీచి బేరమాడకండి. ఆప్కో (రాష్ట్ర చేనేత సహకార సంస్థ) దుకాణాలు, సహకార సంఘాలు, మెయిన్ బజారు షాపులు ఎలాగూ ఉన్నాయి.

మగ్గం చూడనిస్తారా?

అడిగితే సాధారణంగా కాదనరు. ఇక్కడివి గుంటమగ్గాలు. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని, కాలితో తొక్కుతూ చేత్తో నాడె విసురుతూ నేస్తారు. పక్కన ఇంట్లో ఆడవాళ్ళు రాట్నం మీద కండెలు చుడుతూ ఉంటారు. పడుగు ఒక్కసారి ఎక్కించడానికే ఎంత పని పడుతుందో చూస్తే చీర ధర మీద మీ అభిప్రాయం మారుతుంది. వానాకాలంలో గుంటలోకి ఊట నీరు వస్తే పని ఆగిపోతుంది, ఆ రోజు కూలి ఉండదు. అలాంటి రోజున ఫోటోల కోసం వెళ్ళకండి.

## ఆసుపత్రికి వచ్చేవాళ్ళకు

ఎయిమ్స్‌లో చూపించుకోవాలంటే ఎప్పుడు రావాలి?

పొద్దున్నే. ఓపీ చీటీలు ఉదయం ఇస్తారు, ఆదివారం ఓపీ ఉండదు. ఆధార్, ఫోన్ నంబరు తప్పనిసరిగా తెచ్చుకోండి. ఆభా నంబరు (కేంద్రం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు) ముందే తీసి ఉంచుకుంటే, ఆన్‌లైన్లో రిజిస్టర్ చేసుకుంటే లైన్లో నిలబడే సమయం బాగా తగ్గుతుంది. పాత రిపోర్టులు, మందుల చీటీలు తేదీల వరుసలో పెట్టుకుని రండి. డాక్టరు ముందు సంచి వెతుక్కుంటూ కూర్చుంటే మీకు దొరికిన నిమిషాలు అందులోనే పోతాయి. రాష్ట్రప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ మీ జబ్బుకు వర్తిస్తుందో లేదో చేరకముందే కౌంటర్లో అడిగి తేల్చుకోండి.

ఈ ఆసుపత్రి పాత టీబీ శానిటోరియం స్థలంలో ఉంది. ఇప్పటికీ పెద్ద వయసు ఆటోవాళ్ళకు శానిటోరియం అన్నా తెలుస్తుంది. ఓపీ సేవలు 2019లో మొదలయ్యాయి, 2024 ఫిబ్రవరి 25న ప్రధాని చేతుల మీదుగా జాతికి అంకితం చేశారు. ఊరి బస్టాండు నుంచి నడిచేంత దగ్గర కాదు, ఆటో తప్పదు.

రోగితో పాటు నాలుగు రోజులు ఉండాలంటే?

ఊళ్ళో లాడ్జీలు ఉన్నాయి. ఆసుపత్రి చుట్టుపక్కల రోజువారీ గదులు కూడా ఇస్తున్నారు. గది చూడకుండా ఫోన్‌పే చేయొద్దు. బాత్రూమ్, ఫ్యాను, నీళ్ళు చూసుకుని అప్పుడు డబ్బు ఇవ్వండి.

## అద్దెకు దిగేవాళ్ళకు

పాత ఊళ్ళో తీసుకోవాలా, హైవే వైపు అపార్ట్‌మెంట్లోనా?

మీ రోజు ఎలా గడుస్తుందో దాన్ని బట్టి. పాత ఊళ్ళో కూరగాయలు, పాలు, మందుల షాపు, గుడి అన్నీ నడక దూరంలోనే. ఇంట్లో పెద్దవాళ్ళుంటే నేను అదే చెబుతాను, వాళ్ళకు సాయంత్రం అరుగు మీద మాట్లాడే మనిషి కావాలి. కారు ఉంటే మాత్రం పార్కింగ్ నరకం. సందులో ఎదురు బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి తీయాల్సిందే.

హైవే వైపు అపార్ట్‌మెంట్లలో లిఫ్టు, పార్కింగ్, జనరేటర్ ఉంటాయి, కానీ కొత్తిమీర కట్టకు కూడా బండి తీయాలి. రాత్రి లారీల మోత అలవాటు కావడానికి కొంతకాలం పడుతుంది. పగలు ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి వెళ్ళి చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

వెలగపూడి సచివాలయంలో, యూనివర్సిటీల్లో పనిచేసేవాళ్ళకు మంగళగిరి అనుకూలమేనా?

అనుకూలమే. నీరుకొండలో ఎస్ఆర్ఎం, ఐనవోలులో వీఐటీ, వడ్డేశ్వరంలో కేఎల్, నంబూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయం అన్నీ రోజూ వెళ్ళి రాగలిగిన దూరమే. సచివాలయానికి, నేలపాడు హైకోర్టుకు కూడా ఇక్కడి నుంచి వెళ్ళేవాళ్ళు ఎందరో. సొంత బండి లేకపోతే మాత్రం ఇల్లు చూసేముందు బస్సు టైములు చూడండి. రాత్రి ఆలస్యమైతే రాజధాని లోపలి రోడ్ల మీద ఆటో దొరకదు.

వాన పడితే ఇళ్ళలోకి నీళ్ళు వస్తాయా?

కొన్ని చోట్ల వస్తాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు విజయవాడను ముంచింది, ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. ఆ రోజుల్లో మంగళగిరిలోనూ పల్లపు వీధులు మునిగాయి. ఇక్కడి ఇబ్బంది కృష్ణ కన్నా కొండ మీది నుంచి ఒక్కసారిగా దిగే వాన నీటితో. రత్నాలచెరువు లాంటి పల్లపు చోట్ల ఇల్లు చూస్తుంటే గోడల మీద నీటి చారలు ఉన్నాయేమో గమనించండి, పక్కింటివాళ్ళను అడగండి. కొండవాలును ఆనుకుని ఉన్న ఇళ్ళకు బండరాళ్ళు జారే ప్రమాదం ఉంది, అద్దె ఎంత తక్కువైనా అక్కడికి పోవద్దు.

బ్యాచిలర్లకు ఇల్లిస్తారా?

అపార్ట్‌మెంట్లలో ఇస్తారు. పాత ఊళ్ళో "ఫ్యామిలీకే" అంటారు. తెలిసినవాళ్ళ మాట ఉంటే అదే ఓనరు మెత్తబడతాడు.

## స్థలం కొనేముందు

రాజధాని పనులు మళ్ళీ మొదలయ్యాయి కదా, ఇప్పుడు కొంటే లాభమేనా?

ఉండటానికైతే కొనండి, లాభం కోసం అయితే ఓపిక ఎంతుందో చూసుకోండి. 2015లో భూసమీకరణలో రైతులు సుమారు 34 వేల ఎకరాలు ఇచ్చారు, అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. అప్పుడు అప్పు చేసి కొన్నవాళ్ళు ఎందరో 2019 తర్వాత పనులు ఆగితే వడ్డీలు కట్టుకుంటూ కూర్చున్నారు. 2025 మే 2న పనులు తిరిగి ప్రారంభించారు. ధర పెరగడం నిజమే, కానీ బోర్డు మీది ధరకు అమ్మకానికి పెట్టడం వేరు, ఆ ధరకు కొనేవాడు దొరకడం వేరు. అప్పు తెచ్చి పెట్టే డబ్బయితే నా సలహా వద్దనే.

ఏ కాగితాలు చూడాలి?

ముందు చూడాల్సింది 22-ఎ నిషేధిత జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా. ఇది గుడి ఊరు. దేవాదాయ భూములు చాలా ఉన్నాయి, ఎన్ని చేతులు మారినా అవి దేవుడివే. సర్వే నంబరు ఆ జాబితాలో ఉంటే అక్కడితో మాట్లాడటం ఆపేయండి. తర్వాత ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం), కనీసం ముప్పై ఏళ్ళది తీయించండి. లింకు డాక్యుమెంట్లు అన్నీ ఒరిజినల్స్ చూడండి, జిరాక్సులతో సరిపెట్టుకోవద్దు. వ్యవసాయ భూమి అయితే ప్రభుత్వ వెబ్‌సైట్ మీభూమిలో అడంగల్, 1-బి అనే భూమి రికార్డులు సరిపోల్చండి. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చినది) అని తేలితే అమ్మకం మీద షరతులుంటాయి, లాయరు చెప్పేదాకా ఒక్క రూపాయి ఇవ్వకండి.

లేఅవుట్ అయితే రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ ఇచ్చే ఎల్‌పీ (లేఅవుట్ అనుమతి) నంబరు, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరా నంబరు రెండూ అడగండి. "అప్లై చేశాం, వచ్చేస్తుంది" అంటే రానట్టే లెక్క. చివరిగా, వాన పడిన మర్నాడు వెళ్ళి ఆ స్థలంలో నిలబడండి. నీరుకొండ వైపు కొండవీటి వాగు ముంపు పాత సమస్య, ఉండవల్లి దగ్గర 2018లో ఎత్తిపోతల కట్టింది దానికోసమే. బ్రోచరు రంగుల్లో వాగు కనిపించదు.

రైతుల రిటర్నబుల్ ప్లాటు కొనవచ్చా?

కొనవచ్చు. భూమి ఇచ్చిన రైతుకు బదులుగా సీఆర్‌డీఏ లాటరీలో కేటాయించిన ప్లాటు అది. అమ్మేవాళ్ళ పేరు మీదే కేటాయింపు పత్రం ఉందా, వారసుల్లో అందరూ సంతకం పెడుతున్నారా, ప్లాటు దాకా రోడ్డు నిజంగా పడిందా అన్నవి చూసుకోండి. మ్యాపులో రోడ్డు ఉండి నేల మీద తుమ్మచెట్లు ఉన్న ప్లాట్లు ఇంకా ఉన్నాయి.

## స్థిరపడ్డాక

బయటి ఊరివాళ్ళం. ఇక్కడ కలిసిపోగలమా?

ఇక్కడి ఏపీఎస్పీ బెటాలియన్ పోలీసు కుటుంబాలు, నేత పని కోసం వచ్చినవాళ్ళు, మెడికల్ కాలేజీ పిల్లలు, సచివాలయ ఉద్యోగులు, ఇలా బయటివాళ్ళను చూడటం ఈ ఊరికి కొత్త కాదు. ముందు "ఏ ఊరండీ మీది?" అని, ఆ వెంటనే "అక్కడ ఫలానావాళ్ళు తెలుసా?" అని అడుగుతారు. తెలియకపోయినా ఫర్వాలేదు, నాలుగైదు ప్రశ్నల్లో ఎక్కడో ఒక చుట్టరికం వాళ్ళే పట్టుకుంటారు. అద్దె ఇల్లు మారాలన్నా, పనిమనిషి కావాలన్నా, పిల్లలకు ట్యూషన్ కావాలన్నా యాప్‌లో వెతకడం కన్నా మీ వీధి చివరి కిరాణా కొట్టులో ఒక మాట చెప్పి ఉంచండి. సాయంత్రానికి కబురు వస్తుంది.